ఒకే ఊరు, రెండు జట్లు

ప్రాణహిత గోదావరిలో కలియు చోట కాళేశ్వరమున్నది. నేడది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, మహదేవపూర్ మండలమునకు చేరిన గ్రామము. నదికి ఆవలి ఒడ్డు మహారాష్ట్రము. అచటి గర్భాలయములో ఒకే పానవట్టముపై రెండు లింగములుండుట యాత్రికులెల్లరు ఎరిగిన విశేషము. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు. రెండవది ముక్తేశ్వరుడు, అనగా శివుడు. ప్రాణము తీయువాడును ముక్తినిచ్చువాడును ఒకే పీఠముపై కొలువుతీరి, వచ్చిన వారి పూజలను వరుసగా అందుకొనుచున్నారు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకు వెళ్ళి వచ్చినవారు ఈ దృశ్యమును కన్నులార చూచియే యుందురు.

మరి మన సామెత వేరుగా చెప్పుచున్నది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలందురు. ఒకే పీఠముపై ఇద్దరు దేవతలు కుదురుకొనిరి గాని, ఒకే ఊరిలో రెండు పక్షముల మనుష్యులు కుదురుకొందురా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మేము ఒక ఆటను ఎంచుకొన్నాము. అది ఫుట్‌బాల్. ఆటలన్నిటిలోను ఊరిని రెండుగా చీల్చుటలో దీనికి సాటి లేదు. చీలిన ఊరిని మరల కలుపుటలో కూడ దీనికి కొంత శక్తి యున్నదని మా విశ్వాసము. ఆ శక్తి ఎంతవరకు నిజమో, ఎక్కడ విఫలమగునో, అందులో మన తెలుగునాటి వారికి గల పాలు ఏమిటో ఇప్పుడు విచారింతము.

మొదట ఒక సంగతి గమనింపవలెను. దూరదేశపు జట్టుతో ఓడినప్పుడు కలుగు బాధ ఒక పూట. పొరుగింటి వారి జట్టుతో ఓడినప్పుడు కలుగు బాధ మరుసటి మ్యాచి వరకును ఉండును. ఎందుకనగా, ఓడించిన వారు రైలెక్కి వెళ్ళిపోరు. మరునాడు ఉదయము కూరగాయల అంగడిలో వారే ఎదురగుదురు. కచేరీలో ప్రక్క కుర్చీలో వారే కూర్చుందురు. కనుక ఒకే ఊరిలో రెండు జట్ల వైరము ముదురుటకు మూడు కారణములు కూడవలెను. ఒకటి, ఉభయులకు ఒకే చోటు ఉండుట. రెండు, ఆటకు ముందే వారి నడుమ ఏదో ఒక భేదము, అనగా మతమో, మాండలికమో, పుట్టిన సీమయో, బ్రతుకుతెరువో, ఉండుట. మూడు, మరల మరల తలపడుట. ఈ మూడవదానిని పెక్కుమంది పట్టించుకొనరు. ఆటలో గెలుపు శాశ్వతము కాదు. వచ్చు ఏట మరల ఆడవలెను. యుద్ధమునకును ఆటకును గల ముఖ్యభేదమిదియే.

ప్రపంచములో ఇట్టి ఊళ్ళు చాలగా ఉన్నవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరములో రేంజర్స్ జట్టు 1872లోను, ఐర్లండు నుండి వలస వచ్చిన కాథలిక్కుల అండతో సెల్టిక్ జట్టు 1887లోను పుట్టినవి. అచట ఆటకు వెనుక మతభేదము నిలిచినది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరములో కథ మరియొక విధము. ఎవర్టన్ జట్టువారు ఆన్‌ఫీల్డ్ మైదానములో ఆడుచుండిరి. అద్దె మొదలగు విషయములలో తగవు వచ్చి వారు 1892లో లేచిపోగా, ఖాళీ మైదానమునకై లివర్‌పూల్ క్లబ్బు పుట్టినది. ఇటలీలోని మిలాన్ నగరములో, విదేశీయులను చేర్చుకొనవలెనా వద్దా అను వివాదముపై 1908లో ఇంటర్ జట్టు పాత మిలాన్ క్లబ్బు నుండి చీలిపోయినది. అయినను 1947 నుండి ఈ ఇరువురును సాన్ సిరో అను ఒకే మైదానములో వంతులవారీగా ఆడుచు వచ్చిరి. ఒరకు రెండు కత్తులు ఇమిడినవన్నమాట!

అయితే మన దేశములో ఇట్టి వైరమునకు పుట్టినిల్లు కలకత్తా. అచట మోహన్ బగాన్ క్లబ్బు 1889లో స్థాపితమైనది. 1911 జూలై 29వ తేదీన ఆ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోటీలో ఈస్టు యార్క్‌షైర్ పటాలమును 2–1 గోలులతో ఓడించినది. పాలించువారిని పాలితులు వారి ఆటలోనే ఓడించిరన్న వార్త దేశమంతయు ప్రాకినది. ఆనాడు మోహన్ బగాన్ ఒక ఊరి జట్టు కాదు, ఒక జాతి జట్టు.

తరువాత తొమ్మిదేండ్లకు ఇంటిలోనే తగవు పుట్టినది. 1920లో జోడాబగాన్ అను క్లబ్బు మోహన్ బగానుతో ఆడవలసి యుండగా, శైలేశ్ బోసు అను ఆటగానిని జట్టులోనికి తీసికొనలేదు. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశచంద్ర చౌధురి దీనికి నొచ్చుకొని బయటకు వచ్చి, మిత్రులతో కలిసి 1920 ఆగస్టు 1వ తేదీన ఈస్టు బెంగాల్ క్లబ్బును స్థాపించెను. పేరులోనే ఊరున్నది, సీమయున్నది. తూర్పు బెంగాలు నుండి చదువులకును ఉద్యోగములకును వచ్చినవారు అది తమదనుకొనిరి. 1925 మే 28న కలకత్తా లీగులో ఈ రెండు జట్లు మొదటిసారి తలపడగా ఈస్టు బెంగాల్ 1–0తో గెలిచినది. మూడవ పక్షముగా 1891 నాటి మహమ్మడన్ స్పోర్టింగు క్లబ్బు కూడ ఉండెను. 1934లో కలకత్తా లీగును గెలిచిన మొదటి భారతీయ జట్టు అదియే. 1938 వరకు వరుసగా ఐదేండ్లు ఆ గెలుపును నిలుపుకొనినది.

కలకత్తాలో అనాదిగా నున్న పడమటివారిని ఘటీలనియు, తూర్పునుండి వచ్చినవారిని బాంగాల్‌లనియు పిలుచుట వాడుక. యాసలో తేడా, వంటలో తేడా. 1947లో దేశ విభజన జరిగి, లక్షలకొలది జనము ఇల్లువాకిళ్ళు విడిచి కలకత్తా చేరినప్పుడు ఈ వాడుకమాటలకు వాడి హెచ్చినది. శరణార్థి కుటుంబమునకు పొలము లేదు, పాత ఊరు లేదు, చిరునామా కూడ స్థిరముగా లేదు. కాని శనివారము సాయంకాలము ఎఱుపు పసుపు రంగుల చొక్కాలు తొడుగుకొన్న పదకొండుగురు మైదానములో దిగినప్పుడు, పోయిన ఊరి పేరు మరల గట్టిగా వినిపించెడిది. ఎదుటివారికి ఆకుపచ్చ, మెరూన్ రంగులు. ఈస్టు బెంగాల్ గెలిచిననాడు ఇలస చేపకును, మోహన్ బగాన్ గెలిచిననాడు రొయ్యలకును గిరాకి హెచ్చునని ఆ నగరములో చెప్పుకొందురు. ఆ ఇలసయే గోదావరికి ఎదురీది వచ్చినప్పుడు మనకు పులస. కనుక ఈ పంతపు రుచి మన దిగువ గోదావరివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మన పాలు. ఈస్టు బెంగాల్ వారి మొదటి వైభవకాలము 1949 మొదలు 1953 వరకు సాగినది. ఆనాటి ముందువరుస ఐదుగురిని అభిమానులు పంచపాండవులని పిలిచిరి. వారు సాలె, అహమ్మద్ ఖాన్, అప్పారావు, ధనరాజ్, వెంకటేశ్. పేరులను బట్టియే గ్రహింపవచ్చును: ఈ ఐదుగురిలో ఎవరును పద్మానది ఒడ్డున పుట్టినవారు కారు, దక్షిణాది నుండి వచ్చినవారే. తూర్పు బెంగాలు వారి గుండెచప్పుడును దక్షిణదేశపు కాళ్ళు మోసినవి.

ఆ తరువాత హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరముల వంతు వచ్చినది. ఆనాటి హైదరాబాదు ఫుట్‌బాలునకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచే ఉపాధ్యాయుడు. 1909లో హైదరాబాదులో జన్మించెను. 1950 మొదలు 1963లో మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును, భారతజట్టునకును శిక్షకుడుగా నుండెను. బంతిని పట్టుకొని ఒక్కడే పరుగెత్తుట కంటె, చిన్న చిన్న అందింపులతో అందరును కలిసి ముందుకు నడుచుట మేలని ఆయన బోధ. కుఱ్ఱవాండ్రకు ఆ అలవాటు పట్టుబడుటకై, బంతిని ఒంటరిగా త్రిప్పుకొనిపోరాదను నియమముతో పోటీలు పెట్టించెను. ఫలితము చూడుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1950లో డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగానును, 1957లో ఈస్టు బెంగాలును ఓడించినది. కలకత్తాలోని ఇరుపక్షములవారును సమానముగా భయపడిన జట్టు ఏదనిన మన పోలీసు జట్టే!

భయపడినవారు మరియొక ఉపాయము పన్నిరి. ఓడింపలేనివారిని కొనితెచ్చుకొనిరి. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్టు బెంగాలునకు చేరెను. గోలురక్షకుడు పీటర్ తంగరాజ్, రక్షణవరుసలో సయ్యద్ నయీముద్దీన్, 1966లో మహమ్మద్ హబీబ్ వరుసగా కలకత్తా దారి పట్టిరి. వీరిలో నయీముద్దీన్ ఈస్టు బెంగాలునకును మోహన్ బగానునకును ఆడి, పిమ్మట రెండింటికి శిక్షకుడు కూడ అయ్యెను. తంగరాజ్, హబీబ్ మహమ్మడన్ స్పోర్టింగుతో సహా మూడు క్లబ్బులకును ఆడిరి. 1977 సెప్టెంబరు 24న బ్రెజిలు వీరుడు పెలే న్యూయార్కు కాస్మాస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు, 2–2తో ముగిసిన ఆటలో మోహన్ బగాన్ పక్షమున ఒక గోలు చేసినవాడు మన హబీబే.

ఇక్కడ ఆలోచింపవలసిన అంశమొకటి యున్నది. హబీబ్ ఘటీ కాడు, బాంగాల్ కాడు. హైదరాబాదు ఉర్దూ మాటలాడువాడు. ఒక యేడు ఎఱుపు పసుపు, మరియొక యేడు ఆకుపచ్చ మెరూన్. అయినను అతడు ఏ రంగు తొడిగిన నాడు ఆ రంగువారు అతనిని తమ ఇంటి బిడ్డగా చూచుకొని, పెద్ద మియా అని ముద్దుగా పిలిచిరి. అనగా స్థానికత రక్తములో పుట్టునది కాదు. ఒక రంగును నమ్మి, దానికై చెమటోడ్చువానిని ఊరు తనవానిగా స్వీకరించును. ఊరి అభిమానము గొప్పది అగుటకు, ఇరుకుది అగుటకు నడుమ హద్దు ఇక్కడనే యున్నదని మాకు తోచుచున్నది. పైవానికి తలుపు తీసినంత కాలము అది గొప్పది. మూసిననాడు ఇరుకైనది.

ఈ వైరము కరిగి పాయసమైన రోజు కూడ ఒకటి కలదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల తుదిపోటీ జరిగెను. భారతజట్టునకు నాయకుడు మోహన్ బగాన్ వీరుడు చునీ గోస్వామి. అతని ప్రక్కన ఈస్టు బెంగాల్ ముద్దుబిడ్డ బలరాం. మూడవవాడు తూర్పు రైల్వే జట్టుకు చెందిన పి.కె. బెనర్జీ. గోలు వద్ద తంగరాజ్. వెనుక కుర్చీలో, కాన్సరు పీడితుడై, రహీం మాస్టరు. ప్రేక్షకులు మనవారిని ఎగతాళి చేయుచుండగా మన జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణపతకము గెలిచినది. గోలులు బెనర్జీ, జర్నైల్ సింగులవి. కలకత్తాలో పరస్పరము కత్తులు నూరు జట్ల వీరులను ఒకే ఒరలో పెట్టినవాడు హైదరాబాదు బడిపంతులు. మరుసటి యేడు జూన్ 11న ఆయన కన్నుమూసెను.

కాని ఈ కథలో వెలుగు మాత్రమే చూపినచో మేము సత్యమును దాచినవారమగుదుము. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఈ రెండు జట్ల ఆట జరుగుచుండగా మైదానములో రేగిన కోపము మెట్లపైకి ప్రాకినది. ప్రేక్షకులు పరస్పరము కలియబడిరి, తరువాత త్రొక్కిసలాట. 16 మంది ప్రాణములు పోయినవి. ఆట చూడ వెళ్ళిన బిడ్డ సాయంకాలము తిరిగి రాకపోయిన ఇండ్లు అవి. ఎవరు ఏ రంగువారో ఆనాడు ఆ తల్లులకు అక్కర లేకపోయెను. నేటికిని ఆ నగరములో ఆగస్టు 16న వారిని స్మరించుకొనుచున్నారు. వైరమునకు ఆట హద్దుగా నిలిచినంతవరకే అది వినోదము. హద్దు దాటిన క్షణమున కాళేశ్వరుడే మిగులును గాని ముక్తేశ్వరుడు మిగులడు.

ఆ నగరమే నలువదినాలుగేండ్లకు మరియొక దృశ్యము చూపినది. 2024 ఆగస్టులో ఒక ప్రభుత్వ వైద్యశాలలో ఒక యువవైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్య చేయబడినది. నగరము అట్టుడికినది. ఆగస్టు 18న జరుగవలసిన మోహన్ బగాన్, ఈస్టు బెంగాల్ డ్యూరాండు కప్పు ఆటను భద్రతా కారణములపై రద్దుచేసిరి. ఆట లేకున్నను అభిమానులు మైదానము వెలుపలకు వచ్చిరి. రెండు రంగుల జెండాలును ప్రక్కప్రక్కన పట్టుకొని, మహమ్మడన్ వారితో కూడి, ఆమెకు న్యాయము కావలెనని ఎలుగెత్తిరి. నూరేండ్లుగా ఒకరినొకరు వెక్కిరించుకొన్న నోళ్ళు ఒకే మాట పలికినవి. పోట్లాడుకొనుటకు ఏ చోటు వారిని కలిపినదో, ఆ చోటు తమ ఇరువురిదియు అని వారు గుర్తుపట్టినది ఆ రోజుననే.

ఇక మన ఇంటికి వత్తము. హుస్సేన్ సాగరమునకు ఒక దరి హైదరాబాదు. మరియొక దరి, 1806లో నిజాము సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదు. ఒకటి కోటలు, దేవిడీలు గల పాతనగరము. మరియొకటి పటాలములు, రైల్వే కార్ఖానాలు గల దండునగరము. భాషలలో, అలవాట్లలో భేదమున్నది. మొదటి రెండు కారణములును ఇక్కడ సిద్ధముగనే ఉన్నవి. ఆటగాండ్రకు కొదువ లేదు. అయినను కలకత్తా వంటి జంటజట్ల సంప్రదాయము ఇక్కడ ఏల నిలువలేదు?

మాకు తోచిన కారణమిది. కలకత్తా క్లబ్బులు సభ్యులవి. చందా కట్టిన గుమాస్తా కూడ అది తనదనుకొనును. మన గొప్ప జట్టు ఒక ప్రభుత్వశాఖది. శాఖ ఉద్యోగమిచ్చినప్పుడు ఆటగాడు వచ్చును. ఉద్యోగములు తగ్గిననాడు జట్టు పలుచనగును. చూచువానికి చప్పట్లు కొట్టు హక్కేగాని, నిలుపుకొను హక్కు లేదు. కావుననే మేటి ఆటగాండ్రు కలకత్తాకు తరలినప్పుడు ఆపగల బలగము ఊరికి లేకపోయెను. రహీం పోయిన పిదప 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది గాని, ఆ వెలుగు క్రమముగా తగ్గినది.

ఇటీవలి అనుభవము దీనినే బలపరచుచున్నది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అను వ్యాపారజట్టు ఏర్పడినది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచినది. మూడేండ్లు గడచి 2025లో యజమానులు ఆ జట్టును ఢిల్లీకి తరలించి, పేరు మార్చిరి. ఊరు ఒకనాడు నిద్రలేచి చూచుకొనగా తన పేరు గల జట్టు లేదు. మరి కలకత్తాలో? 2020లో మోహన్ బగాన్ జట్టును ఒక వ్యాపారజట్టుతో కలిపి, పేరునకు ముందు ఏ.టి.కె. అను మూడక్షరములు చేర్చిరి. అభిమానులు ఊరకుండలేదు. మూడేండ్లు పట్టువిడువక నిరసించిరి. 2023లో ఆ అక్షరములు తొలగినవి. ఆ మూడేండ్ల నిరసనకు బలమిచ్చినది నూరేండ్ల పొరుగువైరము. ఎదుటివారి ముందు మన పేరు చెడిపోరాదను పౌరుషమే వారిని నిలబెట్టినది.

కనుక మేము చెప్పవచ్చినది ఇంతే. మీ ఇంట రేడియో ముందు కూర్చుండి అన్నయొక జట్టు పక్షము, తమ్ముడొక జట్టు పక్షము వహించి కేకలు వేయుచున్నచో కోపింపకుడు. తమ ఊరిని, తమ రంగును ప్రేమించుట వారు నేర్చుకొనుచున్నారు. కాని ఆట ముగిసినంతనే ఇద్దరును ఒకే విస్తరి ముందు కూర్చుండునట్లు చూడుడు. వీలైనచో మీ వాడలో ఒక చిన్న క్లబ్బునకు చందా కట్టుడు. దాని మైదానము ఎవరికిని అమ్ముడుపోకుండ కాపాడుడు. ప్రక్క వాడవారిని కూడ ఒక జట్టు కట్టుకొమ్మనుడు. పోటీకి పొరుగువాడు లేనిచో మన జట్టుతో ఆడువారే ఉండరు.

కాళేశ్వరములో యాత్రికుడు ముందు యముని అర్చించి, పిమ్మట శివుని అర్చించును. ఒకరిని పూజించి రెండవవారిని విడిచి వచ్చుట అచటి ఆచారము కాదు. పీఠము ఒక్కటే గదా!